బెణకని మణికట్టు

మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న సెలూన్ అతనిది. రెండు కుర్చీలు, వాటి ముందు గోడకు రెండు అద్దాలు. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయింది. వీధిలో ఎవరూ అతన్ని ఆ పేరుతో పిలిచేవారు కారు. అందరికీ అతను 'నింపాది'. పండగకి ఊరెళ్ళే హడావిడిలో ఉన్నవాడైనా, ఇంటర్వ్యూకి పరుగెత్తేవాడైనా అతని కుర్చీలో కూర్చుంటే అతని వేగంలోనే లేవాలి. మెడ మీద కత్తి ఆడుతుంటే గిరాకీలు కళ్ళు మూసుకుని కునుకు తీసేవారు. గొంతు మీద ఆ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

అలాంటి చెయ్యి, జానెడు దూరంలో ఉన్న నల్లబంతిని పాకెట్టులోకి తోయలేకపోయింది. అతని కథంతా ఆ బంతి దగ్గర మొదలవుతుంది.

పూల్ ఆట అతనికి అంటించింది బావ. బావ అంటే భార్యకి అన్న. టైల్స్ మేస్త్రీ. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి, పక్కనున్నవాళ్ళకి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియక నవ్వులాటగా ఉండేది. ఇనప సామాన్ల దుకాణం పైన పూల్ హాలు కొత్తగా పెట్టినప్పుడు, దానికి నేల పరిచింది బావే. పని అయిపోయాక కర్ర పట్టి చూశాడు, ఇక వదల్లేదు. కానీ ఏళ్ళ తరబడి నేల మీద కూర్చుని పలకలు పరిచిన మోకాళ్ళు అరిగిపోయాయి. బల్ల మీదికి వంగి నిలబడితే ప్రాణం పోయినంత పని. అందుకని తను ఆడడం మానేసి, ఒక జట్టు కట్టాడు. బస్సు కండక్టరు, మందుల షాపతను, టైలరు, ఆఖరున నింపాది.

"ఆఖరి ఆట నీదే బావా," అని మొదట్లోనే తేల్చి చెప్పాడు. "వాళ్ళు ముగ్గురూ తిన్నగా ఉండరు. గెలిచినా ఓడినా చివర్లో ఒక నిదానమైన మనిషి కావాలి."

నింపాది నిజంగానే బాగా ఆడేవాడు. పొద్దున్నే సెలూన్ తెరిచేముందు హాలుకి వెళ్ళి, ఒంటరిగా బల్ల మీద బంతులు పరుచుకునేవాడు. మొదట తన రంగు బంతులన్నీ వేసేసి, చివర్న నల్లబంతి వేస్తే ఆట అతనిది. తెల్లబంతిని ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆపేవాడు. హాలు నడిపే ఆవిడని అందరూ అక్కా అనేవారు. ఆవిడ గాజుగ్లాసులు కడుగుతూ ఒక కంట చూసి, "మనుషులు లేనప్పుడు నువ్వు రాజువి తమ్ముడూ," అనేది. ఆ మాటలో ఇంకో మాట దాగి ఉందని అతనికి అప్పట్లో తట్టలేదు.

ఆ ఏడు లీగ్ పోటీల్లో జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. అవతలి జట్టు, ఇవతలి జట్టు సమానంగా నిలిచాయి. తేల్చడానికి అదనంగా పెట్టిన ఆఖరి ఆట నింపాదిది. అవతల ఒక ఎలక్ట్రీషియన్, సన్నగా, మాట పలుకు లేకుండా ఆడేవాడు. నింపాది తన బంతులన్నీ వేసేశాడు. నల్లబంతి మూల పాకెట్టు ముందు, నోట్లో పెట్టిన బిళ్ళలా ఉంది. తెల్లబంతి దానికి ఎదురుగా, తిన్నగా ఉంది. పసిపిల్లలు కూడా వేసే దెబ్బ అది.

అతను వంగాడు. వంగినవాడు ఎందుకో తలెత్తి చూశాడు. బల్ల అవతల గోడ పొడుగునా మనుషులు. ఆ తలలన్నీ తను కత్తిరించినవే. ఎవరి చెవి వెనక మచ్చ ఉందో, ఎవరి సుడి ఎటు తిరిగిందో అతనికి తెలుసు. ఇప్పుడా తలలన్నీ కదలకుండా అతని చేతినే చూస్తున్నాయి. 'తప్పితే?' అన్న మాట అప్పుడొచ్చింది మనసులోకి. ఒక్క మాటే. కర్ర పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. వణుకుతోందని ఎవరికైనా కనపడుతుందేమోనని ఇంకా బిగించాడు. లేచి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వంగొచ్చు. కానీ లేస్తే భయపడ్డాడంటారు. త్వరగా ఈ చూపుల్లోంచి బయటపడితే చాలనుకున్నాడు. పొడిచాడు.

నల్లబంతి పాకెట్టు అంచుకి తగిలి, కాసేపు ఊగి, వెనక్కి దొర్లుకుంటూ వచ్చి బల్ల నడుమ ఆగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి, మారు మాట్లాడకుండా దాన్ని వేసేశాడు.

ఎవరో వెనక నుంచి, "నింపాదిగా పోగొట్టాడు," అన్నారు. నవ్వు లేచింది. పెద్ద నవ్వేమీ కాదు, కానీ అతనికి ఒంటి మీద వేడినీళ్ళు పోసినట్టయింది. ఎలక్ట్రీషియన్ చాపిన చెయ్యి కలపలేదు. కర్ర గోడకి ఆనించి, వెనక మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న బావ సెలూన్‌కి వచ్చాడు. చంకలో నింపాది వదిలేసిన కర్ర, తువ్వాల్లో చుట్టి ఉంది. దాన్ని మూల నిలబెట్టి, మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"గడ్డం గియ్యి బావా."

నింపాది నురగ రాశాడు. బావ ఏదో అపార్ట్‌మెంట్ గురించి, అక్కడ స్నానాలగదిలో నీళ్ళు వెనక్కి పారుతున్న సంగతి గురించి చెప్పుకుంటూ పోయాడు. నల్లబంతి ఊసు ఎత్తలేదు. లేచి వెళ్తూ భుజం తట్టాడు. తిడితే బాగుండునని నింపాదికి అనిపించింది. నాలుగు మాటలనేస్తే తనూ నాలుగనేవాడు, అక్కడితో తేలిపోయేది. ఆ తట్టిన చోటు మాత్రం సాయంత్రం దాకా బరువుగానే ఉంది.

బావ అనకపోయినా అనేవాళ్ళకి కొదవ లేదు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ అద్దంలోంచి సలహా ఇచ్చేవాడే. గట్టిగా ఊపిరి పీల్చమని ఒకరు, చల్లటి నీళ్ళు తాగమని ఒకరు, ఎదుటివాళ్ళని గుమ్మడికాయలనుకోమని ఒకరు. కండక్టరు ఇంకో అడుగు ముందుకేసి, "మా బస్సులో రోజూ వందమంది నన్నే చూస్తారు, నేనేమన్నా చిల్లర కింద పడేస్తున్నానా?" అన్నాడు. నింపాది అన్నిటికీ నవ్వేవాడు. కత్తెర మాత్రం చప్పుడు ఎక్కువ చేసేది.

తర్వాత చిన్న చిన్న పందేలొచ్చాయి. ఒంటరిగా ఉన్నప్పుడు పడిన బంతి, నలుగురు చేరగానే పడేది కాదు. తప్పిన ప్రతిసారీ నింపాది నోట్లోంచి ఒక సాకు ఊడిపడేది. లైటు కళ్ళలో కొడుతోందనేవాడు. కర్ర కొనకి రాసే చాక్ తడిసిందనేవాడు. ఒకసారి, "బల్ల ఆ మూలకి వాలింది బావా," అన్నాడు.

బావ ఆ మాట నిజమనే నమ్మాడు. మర్నాడు పని సంచీలోంచి రసమట్టం తెచ్చి, బల్ల మీద నాలుగు పక్కలా పెట్టి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కాళ్ళ కింద వేలు పెట్టి తడిమాడు. రసమట్టంలో బుడగ ప్రతిచోటా సరిగ్గా మధ్యలోనే నిలిచింది.

"సరిగ్గానే ఉందే," అన్నాడు, తను పరిచిన నేలదే తప్పేమోనన్నట్టు. "ఇంకోసారి చూస్తా ఆగు."

"వద్దులే బావా, వదిలెయ్," అన్నాడు నింపాది. హాలు అక్క గ్లాసు తుడుస్తూ అతని ముఖంలోకి చూసింది. అతనే చూపు తిప్పుకున్నాడు.

మళ్ళీ లీగ్ దగ్గరపడింది. తేదీ తెలిసిన దగ్గర్నుంచి నింపాదికి ముద్ద దిగేది కాదు. పడుకుంటే కళ్ళ ముందు నల్లబంతి ఊగేది. ఆడనని చెబితే పిరికివాడంటారు. ఆడితే ఏమవుతుందో తనకి తెలుసు. మొదటి మ్యాచ్‌కి వారం ముందు, సెలూన్ షట్టరు ఎత్తుతుంటే కుడి మణికట్టు దగ్గర చిన్నగా కలుక్కుమంది. రెండు నిమిషాల్లో సర్దుకుపోయింది. కానీ ఆ రెండు నిమిషాల్లో అతని మనసులో ఒక తలుపు తెరుచుకుంది. పక్క షాపుకెళ్ళి కట్టు గుడ్డ కొన్నాడు.

"ఏమైంది?" అన్నాడు మందుల షాపతను, జట్టులో తోటివాడే.

"షట్టరు ఎత్తుతుంటే బెణికింది."

చెప్పగానే ఎంత హాయిగా అనిపించిందో. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఆ హాయి ఒక్క రోజే మిగిలింది.

మంగలివాడికి కుడి మణికట్టు బెణికితే ఆటే కాదు, పనీ ఆగిపోతుందన్న సంగతి అతనికి మర్నాడు తెలిసొచ్చింది. మెషీన్‌ని ఎడమ చేత్తో పట్టుకుని ఎలాగో జుట్టు కత్తిరించేవాడు. గడ్డాలు మాత్రం లేవు. వచ్చినవాళ్ళని వెనక వీధి సెలూన్‌కి పంపేవాడు. లెక్కల మాస్టారు ఒక్కరే వెళ్ళలేదు. రిటైరయిన మనిషి, రోజు విడిచి రోజు ఇక్కడే గడ్డం గీయించుకునేవారు.

"ఇంకొకడి చేతికి గొంతు ఇవ్వలేనోయ్," అన్నారాయన. "నీకు తగ్గేదాకా పెంచుతాను. తొందరేం లేదు."

ఆయన రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని, పేపరు చదువుకుని, "ఎలా ఉంది చెయ్యి?" అని అడిగి వెళ్ళేవారు. తెల్లగా మొలిచిన గడ్డం రోజురోజుకీ ఒత్తయింది. చెంపల మీద గరుకుగా మొదలై మెడ మీదికి పాకింది. తన అబద్ధానికి ఎవరో నీళ్ళు పోసి పెంచుతున్నట్టు ఉండేది నింపాదికి. ఆయన గుమ్మంలోకి రాగానే ఏదో పని ఉన్నట్టు వెనక్కి తిరిగి, సీసాలు సర్దేవాడు.

బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. పని మధ్యలో వదిలి వచ్చి, ఎముకల డాక్టరు దగ్గరికి పోదాం పదమన్నాడు. నింపాది వద్దంటే, తన మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా తెచ్చి చెల్లెలి చేతికిచ్చాడు.

"పూట పూటకీ రాయమ్మా. ఆట సంగతి నేను చూసుకుంటాలే. బావ చేతికేమన్నా అయితే మీ ఇల్లెట్లా గడుస్తుంది?"

ఆ మధ్యాహ్నం నింపాది మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు కానీ కళ్ళు మూసుకునే ఉన్నాడు. భార్య తైలం సీసా తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది. అతను నిద్రపోతున్నాడనుకుని, మెల్లగా కట్టు విప్పింది. మణికట్టుని చేతిలోకి తీసుకుంది. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. బొటనవేలితో నొక్కింది. ఇంకొంచెం గట్టిగా నొక్కింది. నిద్రలో ఉన్నవాడైనా బెణికిన చోట అలా నొక్కితే ఉలిక్కిపడాలి. అతనికి ఆ ఆలోచన వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత ఆవిడ కట్టుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. మడతలు పడకుండా, అతను చుట్టుకున్నదానికంటే పొందికగా చుట్టి, చివర ముడి వేసి, సీసా మూత బిగించి లేచి వెళ్ళింది.

సాయంత్రం ఎవరో గుమ్మంలో నిలబడి అడిగితే ఆవిడ అనడం వినిపించింది. "ఇంకా నొప్పిగానే ఉందండీ ఆయనకి. పాపం, పక్క మీద చెయ్యి ఆనించలేకపోతున్నారు."

జీవితంలో ఒక్క అబద్ధం ఆడని మనిషి. కూరలవాడు ఒక రూపాయి ఎక్కువిస్తే వీధి చివరిదాకా వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. తన కోసం అబద్ధం ఆడుతోంది. నింపాదికి నేల చీలిపోయి అందులోకి దిగిపోతే బాగుండుననిపించింది. లేచి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ పడుకున్నాడు.

మ్యాచ్ రోజు వచ్చింది. ఒక్కొక్కరూ రెండేసి ఆటలు ఆడాలి, మధ్యలో విరామం. నాలుగోవాడు దొరకలేదు. అవతలి జట్టు పోయినేడాది ఫైనల్లో ఎదురైన జట్టే. బావే కర్ర పట్టుకున్నాడు. మోకాళ్ళకి పాంటు లోపల పట్టీలు వేసుకుని వచ్చాడు. నడుస్తుంటే పాంటు అక్కడక్కడ ఉబ్బి కనిపించింది.

నింపాది గోడ పక్కన బెంచీ మీద, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వరసగా పలకరించి జాలిపడ్డారు. "ఎంత పని జరిగింది, నువ్వుంటే ఈసారి కొట్టేవాడివి," అన్నారు. ఒకాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు, చెయ్యి ఆనించుకోవడానికి.

బావ ఆట మొదలైంది. వంగినప్పుడల్లా నోట్లోంచి ఒక మూలుగు వచ్చేది. తెలియకుండానే వచ్చేది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒకడు దాన్ని అనుకరించాడు. బావ వంగగానే గోడ వైపునుంచి, "అమ్మో," అని సన్నగా మూలుగు. నవ్వులు. బావ కూడా నవ్వాడు. నవ్వి, వంగి, కొట్టాడు. తెల్లబంతి పాకెట్టులో పడింది. అది పడకూడని బంతి. మళ్ళీ నవ్వులు. దూరపు బంతికి ఒక కాలు బల్ల మీదికి చాపాల్సి వచ్చింది. చాపలేకపోయాడు. చాపబోయి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఎలక్ట్రీషియన్ మర్యాదగా పక్కకి చూస్తూ నిలబడ్డాడు. ఆట త్వరగానే ముగిసింది. బావ చిత్తుగా ఓడిపోయాడు.

ఓడి, నింపాది దగ్గరికే వచ్చాడు. "చెయ్యి కిందకి వేలాడదియ్యకు బావా, రక్తం దిగి లాగుతుంది," అని చెప్పి కుంటుకుంటూ చేతులు కడుక్కునే చోటుకి వెళ్ళాడు.

నింపాది ఆయన వెనకే వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో వెళ్ళేదాకా తెలియలేదు. లోపల బావ గట్టు మీద కూర్చుని, పాంటు పైకి మడిచి, పట్టీలు దించి, మోకాళ్ళ మీద చల్లటి నీళ్ళు చల్లుకుంటున్నాడు. రెండు మోకాళ్ళూ ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. కట్టు అక్కర్లేని తన చేతికి కట్టు ఉంది. కట్టు కావలసిన కాళ్ళు ఇక్కడ నీళ్ళతో సరిపెట్టుకుంటున్నాయి.

"బావా," అన్నాడు. కుళాయి చప్పుడులో వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "బావా, నా చెయ్యి బెణకలేదు."

బావ తలెత్తలేదు. కుళాయి కట్టేశాడు. "ఏంటి?"

"బెణకలేదు. ఏమీ కాలేదు. ఆడాలంటే భయమేసి కట్టుకున్నాను."

బావ తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత, "విప్పు," అన్నాడు.

నింపాది విప్పాడు. భార్య వేసిన ముడి ఒక పట్టాన ఊడలేదు, పళ్ళతో లాగాడు. బావ ఆ మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, రసమట్టంలో బుడగని చూసినట్టు.

"చెల్లికి తెలుసా?"

"తెలుసు. నేను చెప్పలేదు. తనే చూసుకుంది."

బావ చెయ్యి వదిలేశాడు. "నన్నాడిస్తివి కదరా," అన్నాడు. ఆయన నింపాదిని రా అనడం అదే మొదటిసారి. "నేను మూలుగుతుంటే కూర్చుని చూస్తివి కదరా."

నింపాది ఊడదీసిన కట్టుని జేబులో కుక్కుకున్నాడు. తల దించుకుని నిలబడ్డాడు. బావ పట్టీలు పైకి లాక్కుని, పాంటు దించుకుని, గోడ పట్టుకుని లేచాడు.

"రెండో ఆట నువ్వాడు."

"నా వల్ల కాదు బావా. వణుకుతుంది. చూడు, ఇప్పుడే వణుకుతోంది."

"వణకనీ," అన్నాడు బావ. "నా మోకాళ్ళు నొప్పి తగ్గాక ఆడానా నేను? వణుకుతూనే కొట్టు. తప్పితే తప్పనీ. కానీ ఆడు."

మనిషిని మార్చాలంటే అవతలి జట్టు ఒప్పుకోవాలి. హాలు అక్క ఇరువైపులవాళ్ళనీ బల్ల దగ్గరికి పిలిచింది. అవతలి జట్టు పెద్ద నింపాది చేతిని చూసి కనుబొమలు ముడిచాడు. "ఈయనకి చెయ్యి బెణికిందన్నారు కదా?"

అందరూ చూస్తున్నారు. ఇంకొక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడే తగ్గిందనో, ఓర్చుకుంటాననో అంటే చప్పట్లు కూడా కొట్టేవారు. నింపాది దాన్ని మింగేశాడు.

"బెణకలేదండీ. పోయినేడు తప్పాక, మళ్ళీ మీ అందరి ముందూ తప్పుతానని భయమేసింది. అందుకని అబద్ధం చెప్పాను."

కుర్చీ ఇచ్చిన ఆయన కుర్చీ వైపు చూసుకున్నాడు. వెనక ఎవరో ఛీ అన్నట్టు వినిపించింది. గుంపులో లెక్కల మాస్టారు ఉన్నారని నింపాది అప్పుడే చూశాడు. ఆయన చెయ్యి తన గడ్డం మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆ చెయ్యిని చూడడం కంటే చెంపదెబ్బ తినడం తేలిక.

ఎలక్ట్రీషియన్ అన్నాడు, "నాకేం అభ్యంతరం లేదు. ఆడనివ్వండి."

నింపాది కర్ర తీసుకున్నాడు. ఒళ్ళంతా సిగ్గుతో మండుతోంది. చేతులు వణుకుతున్నాయి, అందరికీ కనిపించేటట్టే వణుకుతున్నాయి. కానీ ఇన్నాళ్ళూ ఆ వణుకుని దాచడానికి కర్రని పీక నొక్కినట్టు పట్టుకునేవాడు. ఇప్పుడు దాచడానికేం మిగిలింది? భయపడ్డానని తన నోటితోనే చెప్పేశాడు. వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి.

మొదటి బంతి తప్పింది. ఎవరో నవ్వారు. అతను పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. మళ్ళీ తన వంతు రాగానే వచ్చి వంగాడు. 'తప్పితే?' అన్న పాత మాట మళ్ళీ వచ్చింది. ఈసారి లేచి నిలబడ్డాడు. కర్ర కొనకి చాక్ రాసుకున్నాడు. రాసినంతసేపూ ఆ నీలం పొడినే చూశాడు. మళ్ళీ వంగాడు. మళ్ళీ ఆ మాట. మళ్ళీ లేచాడు.

"ఇవాళ తేలుతుందా ఇది?" అని ఒకడు అరిచాడు.

అతను మూడోసారి వంగాడు. మనుషులు ఉన్నారు, చెయ్యి వణుకుతోంది, ఆ మాట కూడా ఎక్కడో మూల కూర్చుని ఉంది. ఉండనిచ్చాడు. బంతి మీద తగలాల్సిన చోటు ఒక్కటి చూసుకుని, ఆ చోటు కుదురుగా కనపడ్డాక, ఊపిరి వదులుతూ కొట్టాడు. పడింది.

అలా ప్రతి బంతికీ జరిగింది. చూసేవాళ్ళకి విసుగు పుట్టేటంత ఆలస్యం చేశాడు. కొన్ని పడ్డాయి, కొన్ని తప్పాయి. ఎలక్ట్రీషియన్‌కి ఒక బంతి మిగిలి ఉండగా, నింపాదికి నల్లబంతి మిగిలింది. పోయినేటిలా పాకెట్టు నోట్లో లేదు. పొడుగు బల్లకి ఆ చివర, పక్క అంచుని ఆనుకుని ఉంది. పైగా ఇది వేసి తీరాల్సిన బంతి. తప్పితే అవతలివాడికి అప్పగించినట్టే.

కర్ర చివర గాల్లో సన్నగా అదురుతోంది. దాన్ని ఆపాలని ప్రయత్నించలేదు. రెండుసార్లు లేచాడు. మూడోసారి కొట్టాడు. నల్లబంతి అంచు పొడుగునా దొర్లుకుంటూ వెళ్ళి, చప్పుడు లేకుండా పాకెట్టులో మాయమైంది.

చప్పట్లు పెద్దగా లేవు. కండక్టరు ఒక్కడే రెండుసార్లు కొట్టి, పక్కవాళ్ళని చూసి ఆపేశాడు. నింపాది వెళ్ళి ఎలక్ట్రీషియన్ చెయ్యి పట్టుకున్నాడు. "పోయినేడు చెయ్యి కలపకుండా వెళ్ళిపోయాను. ఏమనుకోకండి," అన్నాడు. అతను తల ఊపాడు.

మ్యాచ్ మాత్రం వాళ్ళు ఓడిపోయారు. ఇంకొక్క ఆట గెలిచి ఉంటే సమానమయ్యేది. ఆ ఒక్క ఆట ఏదో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. బావ ఓడినది. నిజానికి తను ఆడాల్సినది. గెలిచిన సంతోషం అతనికి మెట్లు దిగేదాకా కూడా మిగల్లేదు.

ఇంటికి వెళ్ళి, ఊడదీసిన కట్టు గుడ్డ భార్య ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని మడతపెట్టి పక్కన పెట్టింది.

"తెలిసీ ఎందుకు మళ్ళీ కట్టావు?" అన్నాడు.

"మీరు విప్పుకుంటారేమోనని చూశాను," అంది ఆవిడ. తర్వాత, "అన్నయ్య ఏమన్నాడు?" అని అడిగింది. అతను చెప్పాడు. రా అన్న మాట కూడా చెప్పాడు. ఆవిడ కళ్ళొత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ ఎవరి కోసం ఏడ్చిందో అతను అడగలేదు.

మర్నాడు లెక్కల మాస్టారు వేళకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నింపాది నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. "ముందు ఇది తియ్యవోయ్. ఇంట్లో మనవరాలు నా ఒళ్ళోకి రావడం మానేసింది." నింపాది వేడినీళ్ళ గుడ్డ చుట్టి, గడ్డం మెత్తబడ్డాక, ఎప్పటికంటే నెమ్మదిగా గీశాడు. అంతా అయ్యాక ఆయన మెడ తడుముకుని, "పిల్లలకి పాఠాలు చెప్పేటప్పుడు నేను కూడా ఒకసారి కడుపునొప్పని ఇన్స్పెక్షన్ ఎగ్గొట్టాను," అని మాత్రం అని వెళ్ళిపోయారు. అది ఓదార్పో, నిజమో తెలియలేదు.

బావ చాలా వారాలు సెలూన్‌కి రాలేదు. జుట్టు చెవుల మీదికి పెరిగినా రాలేదు. చెల్లెల్ని చూడ్డానికి నింపాది లేని వేళ చూసుకుని వచ్చేవాడు. ఒకరోజు నింపాదే వెళ్ళాడు. కొత్త ఇంట్లో బావ ఒక ఎత్తుపీట మీద కూర్చుని, పనివాళ్ళకి చూపుడు కర్రతో పలకల వరస చూపిస్తున్నాడు. నింపాది సంచీలోంచి కత్తెర, దువ్వెన, మెడకి చుట్టే గుడ్డ తీశాడు.

"ఇక్కడా?" అన్నాడు బావ.

"ఇక్కడే. నువ్వు లేవక్కర్లేదు."

బావ కాసేపు అతన్ని చూసి, మెడ వంచాడు. ఇసుక బస్తాల మధ్య జుట్టు కత్తిరించడం అయింది. గుడ్డ దులుపుతుంటే బావ అన్నాడు, "వచ్చే నెల పక్క హాలు వాళ్ళతో పందెం ఉంది బావా. ఆఖరి ఆట నీదే." ఆ బావా అన్న పిలుపు విని నింపాది కాసేపు కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

ఆ పందెంలో నింపాది ఓడిపోయాడు. నల్లబంతి దాకా కూడా వెళ్ళలేదు. దాని తర్వాతది గెలిచాడు. ఆ తర్వాతి లీగ్ ఫైనల్లో మళ్ళీ నల్లబంతి తప్పింది, అదీ దగ్గరి బంతే. వణుకు ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ ఉంది. ఆ ఫైనల్ రోజు ముఖం మండిపోతుంటే, కాళ్ళు వెనక మెట్ల వైపే లాగాయి. అతను వెళ్ళలేదు. ఎదుటివాడికి చెయ్యి కలిపి, బెంచీ మీద జరిగి కూర్చుని, పక్క బల్ల మీద జరుగుతున్న ఆట చివరిదాకా చూశాడు. పక్కన కూర్చున్నాయన, "దగ్గరిది కదా, ఎలా పోయింది?" అని అడిగితే, "భయపడ్డానండీ, తొందరపడి కొట్టేశాను," అని చెప్పాడు.